అప్‌డేట్: మా తుపాకుల క్లబ్ మీటింగులు మారాయి

కడపలో పాత తుపాకులు సేకరించే మా క్లబ్‌లో, మీటింగులకు తుపాకులు తేవొద్దంటే సభ్యులు వస్తారా అని అడిగాను కదా. వస్తున్నారన్నా, ముందుకంటే ఎక్కువమందే.

2019 ఆయుధ చట్ట సవరణతో ఒకరి దగ్గర ఉండదగిన లైసెన్సు తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాక, మూడోది అప్పగించిన పెద్దాయన రావడమే మానేశారు. ఇప్పుడు మీరు చెప్పినట్టే ఫోటోలు, పాత కాగితాలు తెమ్మంటున్నాం. మొన్న ఆయనే వాళ్ల తాతగారి లైసెన్సు తెచ్చారు, 1878 నాటి ఆయుధ చట్టం కింద ఇచ్చినది. మడతల దగ్గర చిరిగింది, సిరా గోధుమరంగుకి తిరిగింది, గుండ్రటి ముద్ర మాత్రం చెక్కుచెదరలేదు. కుర్రాళ్లు కదలకుండా విన్నారు. నాకు చాలా సంతోషమేసింది.

ఒకరిద్దరు ఇంకా గొణుగుతున్నారు. అయినా ఈ పద్ధతే మంచిది. ఇంకోమాట, పేలే స్థితిలో ఉంటే ఎంత పాత తుపాకీనైనా వాడాలన్నా, బయటికి తీసుకెళ్లాలన్నా లైసెన్సు ఉండాల్సిందే.