హోమ్‌బిల్ట్ విమానాన్ని తెలుగులో ఏమందాం?

మొన్న ఇక్కడ కాలిఫోర్నియాలో, లివర్‌మోర్ ఎయిర్‌పోర్టులో లాంగ్-ఈజీ అనే చిన్న హోమ్‌బిల్ట్ విమానం కనిపించిందండీ, అంటే సొంతంగా తయారుచేసుకున్నది. అమెరికన్ విమాన డిజైనర్ బర్ట్ రుటాన్ డిజైన్, 1979లో మొదట ఎగిరింది. చిన్న రెక్క ముందు, ప్రొపెల్లర్ వెనక. ఆపి ఉంచినప్పుడు మేత మేసే దూడలా ముక్కు నేలకి ఆనించి ఉంటుంది, ఎందుకంటే ఇంజన్ వెనకుంది, పైలట్ దిగిపోతే ముందు బరువు తగ్గి వెనక్కి పడిపోయే ప్రమాదం ఉంది, అందుకని ముందు చక్రాన్ని లోపలికి మడిచేస్తారు. దీని మీద పిల్లల కోసం రాస్తూ హోమ్‌బిల్ట్ అన్న మాట దగ్గర ఆగిపోయాను. 'గృహనిర్మిత విమానం' అని ఒకరు సలహా ఇచ్చారు గానీ అది అప్పడాల ప్యాకెట్ మీద మాటలా ఉంది. పైగా ఎక్కడ చేశారన్నది కాదు కదా, ఎవరు చేశారన్నదే ముఖ్యం. అమెరికా నిబంధన ప్రకారం పనిలో సగానికి మించి ఔత్సాహికులే, సరదాకో నేర్చుకోడానికో చేసి ఉండాలి.

↳ 'కట్టుకున్న విమానం' అనండి, సరిపోతుంది.

↳ సరిపోదండీ. మేస్త్రీని పెట్టి కట్టించినా 'ఇల్లు కట్టుకున్నాడు' అనే అంటాం. ఇక్కడ ఈ విమానం చేసినాయన గట్టి ఫోమ్ దిమ్మని వేడి తీగతో రెక్క ఆకారానికి కోసి, దాని మీద ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచి, ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పూసి, ఆరాక గీకి, ఇదంతా తన చేత్తో చేశాడు. ఇంకో చిక్కు, విమానం కట్టారంటే మా ఇంట్లో పెద్దవాళ్లకి తిరుమల ఆనందనిలయ విమానం గుర్తొస్తుంది :)

↳ చేనేత, చేవ్రాలు ఉన్నాయిగా, 'చేకట్టు విమానం' అంటే?

↳ బాగుంది గానీ వినగానే చేతికి దెబ్బ తగిలి కట్టు కట్టినట్టుంది.

↳ ఒక్క మాటలో ఇరికించాలని ఎందుకండీ టెన్షన్? మొదటిసారి 'తన చేతులతో తయారుచేసుకున్న విమానం' అని రాసి, ఆ తర్వాత లాంగ్-ఈజీ అనే పిలవండి. విడిభాగాల కిట్ కొని చేసినదైతే మాత్రం 'బిగించుకున్న' అనొచ్చు, ఫ్యాన్ బిగించాం అంటాం కదా. దీనికి అది నప్పదు, రుటాన్ అమ్మింది ప్రధానంగా ప్లాన్లే.

↳ 'తన చేతులతో' ఖాయం. 'చేకట్టు' మాత్రం శీర్షికలో ఒకసారి వాడి చూస్తాను, పిల్లలు ఏమంటారో.