హైదరాబాదు నుంచి డాలస్‌కు: అమ్మానాన్నల భోజన వేళలు ఎలా మార్చాలి?

ప్రశ్న:
నమస్కారం. మా అమ్మానాన్నలు జూన్‌లో హైదరాబాదు నుంచి డాలస్‌కు, మా ఇంటికి వస్తున్నారు. పోయినసారి వారం రోజులపాటు నాన్నగారు రాత్రి మూడింటికి లేచి, మాకు మెలకువ వస్తుందేమోనని లైటు కూడా వేయకుండా, చీకట్లోనే పెరుగన్నం కలుపుకుని తినేవారు. మధ్యాహ్నం మూడయ్యేసరికి సోఫాలో కూర్చున్నవారు కూర్చున్నట్టే నిద్రపోయేవారు. ఆయనకు 68 ఏళ్లు, షుగరుకు మాత్రలు వాడుతున్నారు. ఈసారి తిండిలో, అలవాట్లలో ఏమేం మార్చుకుంటే ఈ అవస్థ తగ్గుతుందో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం 1:
జూన్‌లో డాలస్ సమయం హైదరాబాదు కంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి, డాలస్‌లో రాత్రి మూడంటే హైదరాబాదులో మధ్యాహ్నం ఒకటిన్నర, అంటే సరిగ్గా మీ నాన్నగారి భోజనం వేళ. మెదడులోని గడియారం ప్రధానంగా వెలుతురును బట్టి సర్దుకుంటే, కాలేయం వంటి అవయవాలు తిండి వేళలను బట్టి సర్దుకుంటాయి. అందుచేత ఆ వేళకు రోజూ అన్నం తింటే శరీరం పాత వేళలనే పట్టుకుని ఉంటుంది. రాత్రి భోజనం ఏడింటికల్లా, పప్పు, కూర ఉండేటట్లు తృప్తిగా పెట్టండి. మెలకువ వచ్చి ఆకలి వేస్తే ఒక గ్లాసు మజ్జిగతో సరిపెట్టుకోమనండి. మధ్యాహ్నం మూడు నుంచి అయిదు వరకు ఆయనను ఇంట్లో కూర్చోనివ్వకండి. జూన్ ఎండలో నడవనక్కరలేదు, చెట్టునీడన ఉన్నా ఇంట్లోకంటే ఎన్నో రెట్లు వెలుతురు ఉంటుంది.

సమాధానం 2:
విమానం ఎక్కగానే చేతి గడియారాన్ని డాలస్ సమయానికి మార్చుకుని, ఆ లెక్కనే నిద్రపోవడానికి ప్రయత్నించమనండి. కాఫీలోని కెఫీన్ అయిదారు గంటల తరువాత కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది కనుక, చేరిన తరువాత మధ్యాహ్నం దాటాక కాఫీ ఇవ్వకండి. ప్రయాణంలో ఉపవాసం ఉంటే త్వరగా సర్దుకుంటుందని కొందరు చెబుతారు, నాకూ కొంత పనిచేసింది.

సమాధానం 3:
షుగరు మాత్రలు వాడేవారికి ఉపవాసం సలహా ఇవ్వకండి. గ్లిమిపిరైడ్ వంటి మాత్ర వేసుకుని భోజనం మానేస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. ప్రయాణం రోజున ఏ మాత్ర ఏ వేళకు వేసుకోవాలో డాక్టరుగారి చేత కాగితం మీద రాయించుకుని, మాత్రలను, గ్లూకోమీటరును చేతిసంచిలోనే పెట్టుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. మందుల చీటీ ఫోటో తెప్పించుకుని చూస్తే అందులో గ్లిమిపిరైడ్ ఉంది. ఈ వారమే డాక్టరుగారిని కలవమని అమ్మకు చెప్పాను. మజ్జిగకు నాన్నగారు ఒప్పుకున్నారు కానీ, సాయంత్రం కాఫీ మాటెత్తగానే ఫోను అమ్మకు ఇచ్చేశారు.