చెరువు పక్క ఏడో హోల్ దగ్గర డ్రాప్ ఎక్కడ చేయాలి?

గోల్ఫ్ మొదలుపెట్టి ఆర్నెల్లయింది. ఆడేది చెరువు ఒడ్డున తొమ్మిది హోల్స్ కోర్సు, చూడ్డానికి కన్నుల పండుగే. ఏడో హోల్ దగ్గరికొస్తే మాత్రం టెన్షన్. పార్ 3 (మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్), కుడివైపు పొడవునా నీళ్లు. ప్రాక్టీసులో 7 ఐరన్‌తో (ఒక రకం గోల్ఫ్ కర్ర) కొడితే తిన్నగా పోయే బంతి ఇక్కడ కుడికి వంగి బుడుంగుమంటుంది. నిన్న మూడు బంతులు చెరువుకే సమర్పయామి!

అక్కడున్నవి ఎర్ర గుంజలు, అంటే చెరువు పెనాల్టీ ఏరియాకి హద్దు గుర్తులు. ఒక స్ట్రోక్ (దెబ్బ) పెనాల్టీతో, బంతి హద్దు దాటిన చోటు నుంచి రెండు క్లబ్బుల (గోల్ఫ్ కర్రల) దూరంలోపు, హోల్‌కి దగ్గర కాకుండా డ్రాప్ చేయొచ్చని, అంటే బంతిని చేత్తో కిందికి వదిలి ఆడొచ్చని తెలుసు. నిన్నటి బంతి గాల్లో గుంజల గీత దాటి, చెరువులోకి పొడుచుకొచ్చిన గట్టు మీద పడి, అక్కణ్నుంచి దొర్లి నీళ్లలోకి జారింది. గట్టు గుంజలకి ఇవతలే ఉంది. కొలవాల్సింది మొదట దాటిన చోటు నుంచా, చివర దాటిన చోటు నుంచా?

ఇంకోటి, ఎడమకి గురిపెడితే సరిపోతుందా, లేక పట్టు మార్చాలా? అనుభవమున్నవాళ్లు చెప్పండి.