డేటాబేస్ సర్వర్‌కి ఎస్‌ఎస్‌డీ: 1 డీడబ్ల్యూపీడీ సరిపోతుందా, 3 కొనాల్సిందేనా?

రేపల్లె_రూట్:
మాది విజయవాడలో మందుల డిస్ట్రిబ్యూషన్ కంపెనీ. బిల్లింగ్, స్టాకు, బ్రాంచిల లెక్కలు అన్నీ ఒకే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద నడుస్తాయి. ఇప్పుడు రెండు కొత్త సర్వర్లు తీసుకుంటున్నాం. వెండర్ 3 డీడబ్ల్యూపీడీ డ్రైవులు కోట్ చేశాడు, అంటే వారంటీ ఉన్న ఐదేళ్లూ రోజూ డ్రైవు సైజుకి మూడింతలు రాసినా తట్టుకుంటుందని. ఎండీ గారు ఆ కొటేషన్ చూసి, ఇంటి కంప్యూటర్లకి వాడే మామూలు శాంసంగ్ 990 ప్రో డ్రైవులు నాలుగు కొని రెయిడ్ 10 (రెండేసి డ్రైవుల్లో ఒకే డేటా ఉండేలా నాలుగింటినీ కలిపే పద్ధతి) పెట్టెయ్, ఏదైనా పోతే మార్చుకుందాం అంటున్నారు. నాకేమో 1 డీడబ్ల్యూపీడీ చాలనిపిస్తోంది. నిజంగా నడిపినవాళ్లు చెప్పండి, నెలాఖరులోపు ఆర్డర్ ఇవ్వాలి.

డెక్కన్_డీబీఏ:
బ్రదర్, అసలు మీ సర్వర్ రోజుకి ఎంత రాస్తుందో చూశారా? చాలామంది అది చూడకుండానే 1ఆ 3ఆ అని కొట్టుకుంటారు. పాత సర్వర్‌లో ఎన్‌వీఎంఈ (వేగంగా పనిచేసే రకం ఎస్‌ఎస్‌డీ) ఉంటే, డ్రైవు తన లెక్కలు తానే రాసుకునే స్మార్ట్ లాగ్‌లో 'డేటా యూనిట్స్ రిటెన్' అని ఉంటుంది, ఒక్కో యూనిట్ 5,12,000 బైట్లు. ఇవాళ ఒకసారి, వారం తర్వాత ఒకసారి చూసి తేడా తీయండి. హార్డ్ డిస్కులైతే ఐఓస్టాట్ అనే కమాండ్ ఉంది.

రేపల్లె_రూట్:
చూశానండీ. మామూలు రోజుల్లో 200 జీబీ కూడా దాటదు, స్టాక్ ఆడిట్ ఉన్న రోజు 350 జీబీ దాకా వెళ్లింది.

చవక_బేరం:
అయితే అయిపోయింది కదా! రోజూ 350 వేసుకున్నా ఐదేళ్లకి 640 టీబీ. 990 ప్రో 2 టీబీ మోడల్‌కి కంపెనీ ఇచ్చిన హామీయే 1,200 టీబీ. పైగా రెయిడ్ 10లో నాలుగు పెడితే ఒక్కో డ్రైవు మీద పడేది సగమే. ఎండీ గారే కరెక్ట్. ఎంటర్‌ప్రైజ్ అని స్టిక్కర్ అంటించగానే రేటు పెంచేస్తారు, మనం కళ్లు మూసుకుని కట్టేస్తాం.

డెక్కన్_డీబీఏ:
లెక్క తప్పని అనను, కానీ ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. జెడెక్ అనే చిప్ పరిశ్రమ ప్రమాణాల సంస్థ పెట్టిన ప్రమాణంలో ఇంటి డ్రైవుని కొలిచే వర్క్‌లోడ్ వేరు, సర్వర్ డ్రైవుని కొలిచేది వేరు. మన డేటాబేస్‌లో 8 కేబీ పేజీ ఒకటి మారిస్తే లోపల డ్రైవు అంతకన్నా ఎక్కువే తిరగరాసుకుంటుంది, అది యాదృచ్ఛిక రైట్స్‌లో బాగా పెరుగుతుంది. సరే, మీ లోడ్‌కి అయినా సరిపోతుందనే అనుకుందాం.

అసలు విషయం కెపాసిటర్లు. సర్వర్ డ్రైవులో పవర్ లాస్ ప్రొటెక్షన్ ఉంటుంది. కరెంటు ఠక్కున పోయినా డ్రైవు సొంత ర్యామ్‌లో ఉన్నది ఫ్లాష్‌లోకి దించుకునేంత చార్జీ ఆ కెపాసిటర్లలోనే ఉంటుంది. అందుకే డేటాబేస్ ఎఫ్‌సింక్ (రాసింది నిజంగా భద్రపరిచావా అనే ఆదేశం) అడగ్గానే ధైర్యంగా 'రాసేశా' అని చెప్పేస్తుంది. 990 ప్రోకి ఆ భరోసా లేదు, ప్రతి కమిట్‌కీ, అంటే ప్రతి సేవ్‌కీ, నిజంగా ఫ్లాష్ దాకా వెళ్లి రావాలి. డబ్బా మీద రాసిన స్పీడు చూసి కొని, బిల్లింగ్ కౌంటర్‌లో సేవ్ నొక్కితే తిరుగుతూ ఉందేంటి అని తలపట్టుకునేది ఇక్కడే. నమ్మకపోతే ఎఫ్‌ఐఓ అనే స్పీడు పరీక్ష ప్రోగ్రామ్‌లో 4 కేబీ, క్యూ డెప్త్ 1 (ఒకసారికి ఒక్క రైటే), ప్రతి రైట్‌కీ ఎఫ్‌సింక్ పెట్టి రెండింటి మీదా పరిగెత్తించి చూడండి, తేడా శాతాల్లో కాదు రెట్లలో ఉంటుంది.

చవక_బేరం:
యూపీఎస్ ఉంది, జనరేటర్ ఉంది, ఇంకా ఈ కెపాసిటర్లెందుకు?

డెక్కన్_డీబీఏ:
మదర్‌బోర్డు కాలిపోతే, ఎవరో కేబుల్ లాగేస్తే యూపీఎస్ ఏం చేస్తుంది సార్? అయినా నేను పైన చెప్పింది సగం స్పీడు గురించే, దాన్ని యూపీఎస్ పెంచదు. ఇంకోటి, 990 ప్రో లాంటి ఎం.2 డ్రైవు (బోర్డుకే బిగించే చిన్న కార్డు) పోతే సర్వర్ ఆపి మూత తీయాలి. యూ.2 రకం సర్వర్ డ్రైవు అయితే ముందునుంచి లాగి కొత్తది తోసేయొచ్చు.

ర్యాక్_రావు:
నేను వెండర్ సైడ్ మనిషినే, ముందే చెప్తున్నా. 3 అమ్మితే మాకు మిగిలేది ఎక్కువ, నిజమే. కానీ రెప్లికా (డేటాబేస్ రెండో కాపీ ఉండే సర్వర్) రిబిల్డ్‌లు, ఇండెక్స్‌లు మళ్లీ కట్టడాలు, రేపు ఎవరో అదే సర్వర్‌లో లాగ్ కలెక్షన్ కూడా పెట్టేస్తారు... మూడో ఏడాదికి మీ 350 అలాగే ఉంటుందా? పైగా 3 డీడబ్ల్యూపీడీలో బయటికి చూపించకుండా దాచిపెట్టే ఖాళీ జాగా ఎక్కువ కాబట్టి లోడ్ పెరిగినా లేటెన్సీ (జవాబు రావడానికి పట్టే సమయం) ఎగిరెగిరి పడదు.

డెక్కన్_డీబీఏ:
రావు గారూ, ఆ జాగా మేమే వదలొచ్చు కదా. మైక్రాన్ 7450 సర్వర్ డ్రైవుల్లో ప్రో అంటే 1 డీడబ్ల్యూపీడీ, మ్యాక్స్ అంటే 3. ప్రో 3.84 టీబీ, మ్యాక్స్ 3.2 టీబీ. తేడా ఎక్కువగా ఆ దాచిపెట్టిన జాగాలోనే. 3.84 కొని మొదటిరోజే 3.2 మాత్రమే వాడేలా నేమ్‌స్పేస్ చేసుకుంటే పనితీరు చాలావరకు వచ్చేస్తుంది, వారంటీ కాగితం మీద మాత్రం 1 అనే ఉంటుంది. 3.84 మీద 1 అంటేనే ఐదేళ్లకి 7,008 టీబీ. వీళ్ల 640 ఎక్కడ, అదెక్కడ! రోజంతా ఆగకుండా డేటా తోసే కాఫ్కా లాంటి సాఫ్ట్‌వేర్ ఉన్న చోట, జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ లాగ్ డివైజ్‌కి 3 అడగండి, నేనే సంతకం పెడతా.

డాలస్_బాబాయ్:
అందరూ అరుగుదల దగ్గరే ఆగిపోయారు. 2016లో ఫాస్ట్ అనే స్టోరేజ్ సదస్సులో టొరంటో యూనివర్సిటీ, గూగుల్ వాళ్లు కలిసి ఆరేళ్ల డేటా సెంటర్ లెక్కలు బయటపెట్టారు. ఖరీదైన ఎస్‌ఎల్‌సీ (సెల్‌కి ఒక్క బిట్టే) ఫ్లాష్ మామూలు ఎంఎల్‌సీ (సెల్‌కి రెండు బిట్లు) కన్నా ఎక్కువ నమ్మకంగా ఏమీ లేదు. ఎంత రాశామన్నది పక్కన పెట్టినా, వయసు పెరిగేకొద్దీ తప్పులు పెరిగాయి. మోడల్‌ని బట్టి 20 నుంచి 63 శాతం డ్రైవుల్లో మొదటి నాలుగేళ్లలో కనీసం ఒక్కసారైనా సరిదిద్దలేని ఎర్రర్ వచ్చింది. అవి పాత తరం డ్రైవులే, ఒప్పుకుంటా.

ఇంకా భయపెట్టేది ఫర్మ్‌వేర్, అంటే డ్రైవు లోపల నడిచే సాఫ్ట్‌వేర్. 2019 నవంబర్‌లో సర్వర్ల కంపెనీ హెచ్‌పీఈ అడ్వైజరీ ఇచ్చింది: కొన్ని సాస్ రకం (సర్వర్లలో వాడే కనెక్షన్) ఎస్‌ఎస్‌డీలు 32,768 గంటలు నడిచాక చచ్చిపోతాయి, డ్రైవూ తిరిగి రాదు, డేటా రాదు. అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు. 2020 మార్చిలో 40,000 గంటల దగ్గర పోయే ఇంకొన్ని. ఒకే రోజు ఆన్ చేసిన రెయిడ్ అయితే అన్నీ ఇంచుమించు ఒకే గంటలో పోతాయి, డీడబ్ల్యూపీడీ 1 అయినా 30 అయినా. 990 ప్రోకి కూడా హెల్త్ శాతం గబగబా పడిపోతుంటే 2023 ఫిబ్రవరిలో ఫర్మ్‌వేర్ ఇవ్వాల్సి వచ్చింది. కాబట్టి ఒకే డేటా ఉండే మిర్రర్ జతలో రెండు వైపులా రెండు కంపెనీల డ్రైవులు పెట్టండి.

ర్యాక్_రావు:
రెండు కంపెనీలవి పెడితే సపోర్ట్ కాల్‌లో ఒకరి మీద ఒకరు తోసుకుంటారు బాబాయ్. సర్వర్ కంపెనీ లిస్టులో లేని డ్రైవు పెడితే ఫ్యాన్లు ఫుల్ స్పీడ్‌లో తిరిగే మోడళ్లు కూడా ఉన్నాయి.

చవక_బేరం:
సరే, కెపాసిటర్ల పాయింట్ ఇస్తున్నా. కానీ రిపోర్టులకి వాడే రెప్లికాలో 990 ప్రో పెడితే కొంపలేం మునగవు, అక్కడ కౌంటర్ దగ్గర ఎవరూ ఎదురుచూడరు. దాని మీద కూడా సర్వర్ డ్రైవు కొనమంటే మాత్రం ఒప్పుకోను.

రేపల్లె_రూట్:
మెయిన్ సర్వర్‌కి 1 డీడబ్ల్యూపీడీ, కెపాసిటర్లు ఉన్న యూ.2 3.84 టీబీవి అడిగా, ఒకే కంపెనీవే గానీ ఫర్మ్‌వేర్ వెర్షన్, సీరియల్ నంబర్లు బిల్లు మీద రాయమన్నా. వేరే బ్యాచ్‌లవి ఇస్తానంటున్నాడు వెండర్. రెప్లికా సంగతి ఎండీ గారికి చవక_బేరం గారి పోస్టే చూపించా, ఆయన నవ్వి 'చూశావా' అన్నారు. నాకైతే మెయిన్ పడిపోయిన రోజు ఆ రెప్లికానే కౌంటర్లు నడపాలి కదా అని డౌటు. దాని మీద ఎవరైనా చెప్తారా?

డెక్కన్_డీబీఏ:
ఆ రోజు అదే మెయిన్ అయితే దానికీ అదే డ్రైవు పెట్టండి. రిపోర్టులకే అయితే మీ ఇష్టం.