అమ్మాయి పాలు, పెరుగు మానేసింది: ఇంట్లో ఎలా సర్దుకోవాలి?

రాయగడ అమ్మ:
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ, మా అమ్మాయి బరంపురంలో చదువుకుంటోంది. సెలవులకి ఇంటికొచ్చి, ఇకనుంచి వీగన్‌ని అని చెప్పింది. మాంసం, చేపలు అయితే ఫరవాలేదు, కార్తీకంలో మేమంతా ఎలాగూ ముట్టం. ఇది పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, ఆఖరికి తేనె కూడా వద్దంటోంది. పాల కోసం దూడని తల్లి దగ్గర్నుంచి లాగేస్తారని, వట్టిపోయిన గేదెల్ని కబేళాకి తోలేస్తారని చెబుతుంది. వాళ్ల నాన్నగారికి చివర్లో పెరుగన్నం పడకపోతే భోజనం చేసినట్టే ఉండదు. "పెళ్లి కావలసిన పిల్ల, పాలు లేకపోతే మనిషి నిలబడుతుందా" అని మా అత్తగారి గొడవ. తిట్టి మాన్పించే ఉద్దేశం నాకు లేదు. ఏం పెట్టాలో మాత్రం తోచట్లేదు. పెరుగుకి బదులు ఏముంది? మందులేమైనా వాడాలా? టోఫూ (సోయా పనీర్), బాదం పాలు అంటూ ఊరంతా వెతకాలా? టెన్షన్‌గా ఉంది.

జయపురం కుర్రాడు:
వదిలేయండి ఆంటీ. హాస్టల్ మెస్‌లో నాలుగు రోజులు తింటే దారికొస్తుంది.

పర్లాకిమిడి వంటిల్లు:
బాబూ, అలా తీసిపారేయకు. అక్కా, మా ఇంట్లో మా ఆయనా నేనూ చాలాకాలంగా ఇలాగే తింటున్నాం, కాబట్టి వంట సంగతి నేను చెబుతాను.

ముందు టోఫూ మాట మరిచిపోండి. మన వంటింట్లో సగం ఎలాగూ పాలు లేనిదే. చారు, పులుసు, పప్పు, వేపుళ్లు, ఉలవచారు, రోటి పచ్చళ్లు, ఇడ్లీ, పెసరట్టు, అన్నీ తింటుంది. దాల్మా (కూరగాయలు వేసిన పప్పు) దించాక మీద వేసే నెయ్యి మానేసి, వేరుశనగ నూనెలో జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ పోపు పెట్టండి. సంతలో వలిసెల నూనె దొరికితే తెచ్చుకోండి. ఒడియావాళ్లు అలసి నూనె అంటారు, వేపుళ్లకి బాగుంటుంది. పొద్దున్న చోడి (రాగి) అంబలి. మజ్జిగకి బదులు తరవాణి (పులిసిన అన్నం నీళ్లు) పోసి పచ్చి ఉల్లిపాయ నంజుకోమనండి. పఖాళలో (ఒడియావాళ్ల చద్దన్నం) కూడా పెరుగు కలిపితేనే పాలపదార్థం, లేకపోతే అది అన్నమూ నీళ్లే కదా.

పెరుగుకి నేను చేసేది ఇది. గ్లాసుడు పచ్చి వేరుశనగ గుళ్లు రాత్రి నానబెట్టి, పొద్దున్న చేత్తో నలిపి పొట్టు తీసేయాలి. పొట్టు ఉంటే వగరు వస్తుంది. మూడు గ్లాసుల నీళ్లు పోస్తూ మెత్తగా రుబ్బి, పల్చటి గుడ్డలో పిండండి. ఆ పాలని సన్నమంట మీద కలుపుతూనే పది నిమిషాలు కాచాలి. కలపడం ఆపితే అడుగంటుతుంది, ఆ మాడు వాసన ఇక పోదు. వేలు పెడితే గోరువెచ్చగా తగిలేంత చల్లారాక, ఐదారు పచ్చిమిరపకాయల తొడిమలు, ఆకుపచ్చ టోపీతో సహా, అందులో ముంచి మూతపెట్టి కదపకుండా ఉంచండి. రాత్రి పెడితే పొద్దుటికి తోడుకుంటుంది. చలికాలంలో ఇంకాస్త టైమ్ పడుతుంది. మొదటి విడత పల్చగా వస్తుంది, కంగారు పడకండి, తొడిమలు తీసేసి అందులోంచి చెంచాడు తీసి రెండో విడతకి తోడు పెడితే గట్టిగా పేరుకుంటుంది. వేరుశనగ వాసన కొంచెం ఉంటుంది, అల్లం, కరివేపాకు, ఆవాలు పోపు పెడితే అన్నంలో తెలియదు. మజ్జిగ పులుసుకి వాడితే దించే ముందు కలపండి, మరిగిస్తే విరిగిపోతుంది. పిండగా మిగిలిన పిప్పి వంకాయ కూరలో వేసేస్తాను.

చేతిలో డబ్బులుంటే సగం వేరుశనగ, సగం పలాస జీడినూక వేయండి. మా ఆయన రెండూ తిని జీడిపప్పుదే పెరుగంటాడు. ఆయన మాట పట్టించుకోకండి, ధర ఆయన చూడడు.

పరమాన్నం కొబ్బరిపాలతో చేసుకోవచ్చు. పొయ్యి ఆపేశాక బెల్లం కలపండి.

బరంపురం ల్యాబ్:
వంట అక్క చెప్పేశారు. అక్క చెప్పనిది బి12. మిగతావన్నీ బేరమాడొచ్చు, దీంతో మాత్రం కుదరదు.

ఈ విటమిన్‌ని తయారుచేసేవి బ్యాక్టీరియా. మొక్కల్లో నమ్ముకోదగ్గంత ఉండదు. ఇడ్లీ పిండి పులిసింది కదా, తరవాణి పులిసింది కదా అని చాలామంది అంటారు. వాటిలోనూ నమ్మేంత ఉండదు. స్పిరులినాలో ఉన్నది మన ఒంటికి పనికిరాని రకం. లివర్‌లో పాత నిల్వ ఉంటుంది గనక మానేసిన వెంటనే ఏమీ తెలియదు, కొందరికి ఏళ్లు పడుతుంది. అదే ప్రమాదం. తర్వాత అరికాళ్లలో తిమ్మిర్లు, నీరసం, మతిమరుపు మొదలవుతాయి. ఆకుకూరలు బాగా తినేవాళ్లకి వాటిలోని ఫోలేట్ అనే విటమిన్ వల్ల రక్తపరీక్ష మామూలుగా కనిపిస్తూ, లోపల నరాలు దెబ్బతింటూ ఉండొచ్చు. అందుకే హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి ఊరుకోకండి, బి12 విడిగా చేయించండి. మిల్లీలీటరుకి 200 పికోగ్రాముల కంటే తక్కువ వస్తే సాధారణంగా లోపం కిందే లెక్క.

బ్రిటన్‌లోని వీగన్ సొసైటీ సలహా రోజుకి కనీసం 10 మైక్రోగ్రాములు, లేదా వారానికి ఒకసారి 2000. ఒక్క మోతాదులో శరీరం మామూలు దారిలో తీసుకోగలిగేది రెండు మైక్రోగ్రాముల లోపే, మిగతాదాంట్లో నూటికి ఒక వంతు లోపలికి పోతుంది. అందుకే వారానికి వేసుకునేది అంత పెద్దగా ఉంటుంది, చూసి భయపడకండి. మోతాదు మీ డాక్టర్‌తో మాట్లాడి పెట్టుకోండి. కొనేటప్పుడు క్యాప్సూల్ కాకుండా మాత్ర అడగండి, క్యాప్సూల్ తొడుగు చాలావరకు జెలటిన్, అంటే పశువుల ఎముకలు, చర్మం నుంచి తీసింది. డి విటమిన్ కూడా అంతే, మామూలు డి3 గొర్రె ఉన్ని జిడ్డు నుంచి వస్తుంది. డి2 అడగొచ్చు.

ఇంకో మాట. పాలు తాగే శాకాహారుల్లో కూడా బి12 తక్కువ ఉన్నవాళ్లు మా దగ్గరికి చాలామంది వస్తారు. అత్తగారికి కూడా ఒకసారి చేయించండి, అమ్మాయి మీద గొడవ తగ్గుతుంది.

రాయగడ అమ్మ:
చాలా థాంక్స్ తమ్ముడూ, చెల్లీ. మరి కాల్షియం? ఇంకోటి, షాపులో ఆకుపచ్చ చుక్క చూసి బిస్కెట్లు తెస్తే అవి కూడా వద్దంది.

పర్లాకిమిడి వంటిల్లు:
ఆకుపచ్చ చుక్క శాకాహారానికి, పాలు ఉన్నా వేస్తారు. వీగన్‌కి వేరే గుర్తు ఉంది, 2022 నిబంధనల్లో వచ్చింది, వి అక్షరం మీద చిన్న ఆకు ఉంటుంది. మన షాపుల్లో ఆ గుర్తున్న సరుకు అరుదు కాబట్టి వెనకాల చిన్న అక్షరాలు చదవాల్సిందే. మిల్క్ సాలిడ్స్, వే, కేసీన్ అని ఉంటే పాలే.

కాల్షియంకి చోళ్లు. వంద గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది, రోజుకి కావలసింది వెయ్యి. పొట్టు తీయని నువ్వుల పొడి, మునగాకు కలిస్తే చాలావరకు వచ్చేస్తుంది. టీ మాత్రం అన్నం తిన్న వెంటనే తాగనివ్వకండి, ఐరన్ ఒంటికి పట్టదు. పప్పులో నిమ్మకాయ పిండితే బాగా పడుతుంది.

గుణుపురం రైతు:
అంతా బాగానే ఉంది గానీ, మా ఇంట్లో రెండు ఆవులున్నాయి. దూడ తాగాకే మేం పిండుతాం. ఎవరో పట్నం డైరీల వీడియో తీస్తే మా ఆవు పాలు కూడా పాపం అయిపోతాయా?

కొరాపుట్ మాస్టారు:
పాపం అని ఎవరూ అనడం లేదు లెండి. మీ ఆవు సంగతి మీకు తెలుసు. అయితే కోడెదూడ పుడితే ఏం చేస్తున్నారో మీరే చెప్పండి. దుక్కికి ట్రాక్టర్ వచ్చాక దాన్ని ఉంచుకునే ఇల్లు తక్కువ. ఆ అమ్మాయి అడుగుతున్నది ఆ లెక్కే అనుకుంటాను. వాతావరణం కారణం కూడా చెబుతారు. పశువులు నెమరు వేస్తూ వదిలే మీథేన్ వేడిని పెంచుతుందన్నది నిజమే, కానీ రెండు ఆవుల రైతుకి ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాదు.

అత్తగారికి చెప్పాల్సింది మన కొండల్లోనే ఉంది. ఇక్కడి ఆదివాసీలు కోందులు, సవరలు సంప్రదాయంగా ఆవుని పిండరు, పాలు దూడకే. వాళ్లు మాంసం తింటారు, వీగన్లు కారు, అది వేరే సంగతి. పాలు లేకుండా తరతరాలు చోళ్లు, సామలు, పప్పులు, దుంపలతో కొండలెక్కి పోడు చేశారు.

గాంధీగారు 1912లో దక్షిణాఫ్రికాలో పాలు మానేశారు. 1918లో జబ్బుపడి ఎంతకీ కోలుకోక, కస్తూర్బా పట్టుబట్టడంతో మేకపాలకి ఒప్పుకున్నారు. ఒట్టు పెట్టుకున్నప్పుడు మనసులో ఉన్నవి ఆవు, గేదె పాలే గదా అని సర్దిచెప్పుకున్నారు గానీ, అది ఆయన్ని చివరిదాకా బాధపెట్టింది. ఆయన జబ్బు బి12 వల్లే అని నేననను. బి12ని శాస్త్రజ్ఞులు విడదీసిందే 1948లో. ఇప్పటి పిల్లలకి మాత్ర ఉంది, వాడుకోమనండి.

ఒక్క మాట అమ్మాయికి కూడా. మధ్యాహ్న భోజనంలో వచ్చే గుడ్డు మీదే ఆధారపడ్డ పిల్లలు ఈ జిల్లాల్లో ఉన్నారు. వాళ్ల దగ్గర ఈ ఉపన్యాసం వద్దు.

రాయగడ అమ్మ:
మాస్టారూ, చదివి వినిపించాను, చివరి మాటకి తలూపింది. ఇంకో చిక్కుంది. మాఘమాసంలో మా మరిదిగారి అమ్మాయి పెళ్లి. బరంపురం పట్టుచీర కొని ఉంచాం, అదీ కట్టనంటోంది. మజ్జిగౌరమ్మ గుడి ప్రసాదం సంగతేంటో కూడా అడగాలి.

పర్లాకిమిడి వంటిల్లు:
పట్టుగూళ్లని పురుగు లోపల ఉండగానే ఉడికిస్తారక్కా, అది కొరుక్కుని బయటికొస్తే పోగు తెగిపోతుందని. అందుకే కట్టనంటోంది. హైదరాబాద్ కుసుమ రాజయ్యగారు పురుగు ఎగిరిపోయాక మిగిలిన గూళ్లతో అహింసా పట్టు నేయించారు. కానీ పురుగుల్ని పెంచడమే వద్దనేవాళ్లు దాన్నీ కట్టరు, అడిగి చూడండి. నన్నడిగితే కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో నేసే నూలు చీర తీసుకోండి. చెట్టు వేరుతో అద్దిన ఆ ముదురెరుపు పెళ్లికి నిండుగా ఉంటుంది. టస్సర్ పట్టు కలిపినవీ అమ్ముతారు, పూర్తి నూలు అని గట్టిగా అడగండి. నూలుకి రంగు పట్టడానికి ఆముదంతో పాటు ఆవు పేడ కూడా వాడతారు, అది అమ్మాయికి చెప్పాలా వద్దా మీ ఇష్టం! కొన్న పట్టుచీర మీరు కట్టేయండి.

ప్రసాదానికి ఒక్కొక్కరు ఒక్కోలా ఉంటారు. మా ఆయన కళ్లకద్దుకుని పక్కవాళ్లకి ఇచ్చేస్తాడు, నేను కొబ్బరిముక్క, అరటిపండు తీసుకుంటాను. పెద్దవాళ్లు చూస్తుండగా ఇది తర్కం చేసే చోటు కాదని ముందే చెప్పి తీసుకెళ్లండి.

రాయగడ అమ్మ:
సరే చెల్లీ. వేరుశనగ గుళ్లు ఇవాళే నానబోస్తున్నాను. పచ్చిమిరప తొడిమలు ఎండినవి పనికొస్తాయా?

పర్లాకిమిడి వంటిల్లు:
పచ్చివే వేయండక్కా. కడిగి, తడి ఆరాక వేయండి.