మాక్‌లో చేసిన పాత ఫోటోల సీడీ, విండోస్‌లో ఒక్క ఫైలూ తెరుచుకోవట్లేదు

టీచరమ్మ_కర్నూలు:

అందరికీ నమస్కారం. కంప్యూటర్ నాకు అంతంతమాత్రం, అందుకే కథంతా చెప్తాను, ఓపిక పట్టండి.

మా అమ్మ పుట్టిల్లు సంగమేశ్వరం దగ్గర ఒక పల్లె. 1981లో శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయింది. ఊరు ఖాళీ చేసే ముందు పెద్దమామ ఎవరి దగ్గరో కెమెరా అడిగి తెచ్చి ఇళ్లు, బావి, రచ్చబండ అన్నీ తీసిపెట్టాడు. ఆ ఆల్బమ్ కర్నూల్లో మా ఇంట్లో ఉండేది. 2009 అక్టోబరు 2 వరదలో బీరువాతో సహా మునిగింది. అట్టలకు అతుక్కున్న ఫోటోలను విడదీయబోతే రంగు వేళ్లకు వచ్చింది. ఊరినీ నీళ్లే తీసుకున్నాయి, ఫోటోలనూ నీళ్లే.

చిన్నమామ బెంగళూరులో ప్రెస్సులో పనిచేసేవాడు. 1998లో ఆ ఆల్బమ్‌ను అక్కడి ఆపిల్ మాక్‌లో స్కాన్ చేసి సీడీలో పెట్టాడట. ఆ సంగతే మాకు తెలీదు. ఆయన పోయాక, మొన్న సంక్రాంతికి ఆయన కొడుకు సీడీ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

నా విండోస్ ల్యాప్‌టాప్ ఆ సీడీని గుర్తే పట్టలేదు. మాక్‌దే కదా అని మా అల్లుడి కొత్త మ్యాక్‌బుక్‌కు బయటి సీడీ డ్రైవ్ తగిలించి పెడితే అదీ అంతే. చివరికి తెలిసిన కుర్రాడొకడు విండోస్ కాకుండా లైనక్స్ అనే ఇంకో సిస్టమ్ ఉన్న కంప్యూటర్‌లో తెరిచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. 46 ఫైళ్లు. ఇంగ్లీషు అక్షరాల్లో 'అవ్వ బావి', 'ఇల్లు 3' అని పేర్లున్నాయి గానీ చివర డాట్ జేపీజీ లాంటిదేమీ లేదు. నేనే డాట్ జేపీజీ తగిలించాను, తెరుచుకోలేదు. ఒక స్టూడియోలో చూపిస్తే "కరప్ట్ అయినాయి మేడమ్, రికవరీకి నాలుగు వేలు" అన్నారు. ఇవ్వమంటారా?

బిజీబాబు:

ఆన్‌లైన్ కన్వర్టర్‌లో వేయండి, నిమిషం పని.

టీచరమ్మ_కర్నూలు:

వేశాను బాబూ. అది కూడా ఇదేం ఫైలని నన్నే అడుగుతోంది.

కడప_డీటీపీ:

అక్కా, నాలుగు వేలు ఇవ్వొద్దు. ఫైళ్లు కరప్ట్ కాలేదు, వాటి చీటీ ఊడిపోయింది, అంతే.

పాత మాక్‌లో ఇది ఏ రకం ఫైలు అన్నది పేరులో ఉండదు. నాలుగు అక్షరాల కోడ్ ఒకటి డిస్కు పట్టికలో విడిగా రాసి ఉంటుంది. ఇంకో నాలుగక్షరాలు ఏ ప్రోగ్రాంలో చేశారో చెప్తాయి. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసినప్పుడు లోపలి బొమ్మ వచ్చింది, ఆ కోడ్ అక్కడే ఉండిపోయింది. నువ్వు డాట్ జేపీజీ పెట్టినందువల్ల బొమ్మేమీ మారలేదు. కందిపప్పు డబ్బా మీద చక్కెర అని రాసినట్టు, అంతే.

ముందు అన్నిటికీ ఒక కాపీ తీసిపెట్టు. ఆ కాపీలో ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరువు. చెత్తచెత్తగా కనిపిస్తుంది, భయపడొద్దు, మొదటి అక్షరాలు మాత్రం చూడు. పెద్ద ఎం రెండుసార్లు ఉంటే టిఫ్, ప్రెస్సుల్లో ఎక్కువగా వాడే బొమ్మ ఫార్మాట్. అప్పటి మాక్‌లలో ఉండిన మోటరోలా చిప్పు పద్ధతిలో అంకెలు రాశారని ఆ ఎం అర్థం. ఇంటెల్ పద్ధతిలో రాస్తే పెద్ద ఐ రెండుసార్లు ఉంటుంది. ఒకప్పుడు ఈ తేడాతోనే ప్రెస్సుల్లో తలలు పట్టుకునేవాళ్లం, ఇప్పటి ప్రోగ్రాములు రెండూ చదువుతాయి. '8బీపీఎస్' అని ఉంటే ఫోటోషాప్ ఫైలు. మొదట్లోనే 'జేఎఫ్‌ఐఎఫ్' కనిపిస్తే జేపెగ్. మొదట చాలా దూరం ఖాళీగా ఉండి తర్వాత చెత్త మొదలైతే అది పిక్ట్, పాత మాక్ సొంత ఫార్మాట్. ముందు 512 బైట్లు సున్నాలే ఉంటాయి దానికి.

రకం తెలిశాక పేరు చివర టిఫ్‌కు డాట్ టీఐఎఫ్, ఫోటోషాప్‌కు డాట్ పీఎస్‌డీ, పిక్ట్‌కు డాట్ పీసీటీ పెట్టి, ఎక్స్‌ఎన్‌వ్యూ అనే బొమ్మలు చూసే ప్రోగ్రాంలో తెరువు. ఒక్క మాట: నోట్‌ప్యాడ్ మూసేటప్పుడు సేవ్ చేయాలా అని అడిగితే వద్దను. సేవ్ చేశావంటే అప్పుడు నిజంగానే కరప్ట్.

అనంత_లైనక్స్:

కడప అన్న చెప్పింది సరైనదే. మ్యాక్‌బుక్ ఎందుకు తెరవలేదంటే, ఆ సీడీ డిస్కులో ఫైళ్లను అమర్చడానికి ఆపిల్ 1985లో తెచ్చిన హెచ్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో రాసి ఉంటుంది. 2019లో వచ్చిన మాక్‌ఓఎస్ కాటలీనా నుంచి ఆపిలే దాన్ని చదవడం మానేసింది. లైనక్స్ మాత్రం చదువుతుంది. ఇంటివాళ్లు మర్చిపోయిన చుట్టాన్ని పొరుగువాళ్లు గుర్తుపట్టినట్టుంది మేడమ్ వ్యవహారం.

ఆ కుర్రాడితో ముందు సీడీ మొత్తాన్ని ఒకే ఇమేజ్ ఫైలుగా, అంటే సీడీకి అచ్చు నకలుగా తీయించండి. ఇంట్లో రాసిన సీడీల్లో డేటా రంగు పొర మీద ఉంటుంది, అది ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది. తర్వాత హెచ్‌ఎఫ్‌ఎస్‌యుటిల్స్ అనే ప్యాకేజీతో లిస్టు చూడమనండి. ఊడిపోయిన కోడ్‌లు అందులో కనిపిస్తాయి, నోట్‌ప్యాడ్‌లో 46సార్లు చూసే పని తప్పుతుంది. తెరుచుకున్నవాటిని జేపెగ్‌లోకి కాకుండా పీఎన్‌జీలోకి మార్చుకోండి. పీఎన్‌జీలో ఉన్న వివరం పోదు. వాట్సాప్‌లో పంపడానికి కావాలంటే దాని నుంచి వేరేగా జేపెగ్ చేసుకోవచ్చు.

టీచరమ్మ_కర్నూలు:

తమ్ముళ్లూ, నిన్న రాత్రి పన్నెండున్నర దాకా కూర్చున్నాను. లిస్టు గోల నాకు పడలేదు, నోట్‌ప్యాడ్‌లోనే ఒక్కొక్కటీ చూశాను.

31 టిఫ్‌లు, అన్నీ తెరుచుకున్నాయి. నాలుగు ఫోటోషాప్‌వి. పిక్ట్‌లు పది. 'అవ్వ బావి'లో అవ్వ లేదు, బావీ చేంతాడూ మాత్రమే ఉన్నాయి. అమ్మకు చూపిస్తే చేంతాడు చూసి అది ఎవరిదో చెప్పింది, బావి గురించి మాట్లాడలేదు.

మిగిలిన ఒక ఫైలు నోట్‌ప్యాడ్‌లో చెత్త కాకుండా చక్కగా చదవగలిగేలా వచ్చింది! అది ఫోటోనే కాదు. ఏ ఫోటోలో ఎడమ నుంచి ఎవరెవరు నిలబడ్డారో చిన్నమామ రాసిన జాబితా. దానికి కూడా నేను డాట్ జేపీజీ తగిలించి, తెరుచుకోలేదని ఏడ్చాను.

ఒక్క పిక్ట్ మాత్రం పై భాగమే కనిపిస్తోంది. వేపచెట్టు కొమ్మలు, మిద్దె అంచు, కింద అంతా బూడిదరంగు. జాబితా ప్రకారం ఆ చెట్టు కింద పదకొండు మంది ఉన్నారు, అందులో మా తాత ఒకరు. సీడీ గీత పడిందా?

అనంత_లైనక్స్:

గీత కాకపోవచ్చు మేడమ్. కొన్ని పిక్ట్‌లలో బొమ్మను పట్టీలు పట్టీలుగా జేపెగ్ చేసి పేర్చి ఉంచుతారు. కొన్ని ప్రోగ్రాములు మొదటి పట్టీ చదివి ఆగిపోతాయి. అదే ఫైలును ఇమేజ్‌మ్యాజిక్, లిబర్‌ఆఫీస్ డ్రా అనే ప్రోగ్రాముల్లో విడివిడిగా ప్రయత్నించండి. రెండింటిలోనూ అలాగే వస్తే, సీడీ ఇమేజ్ నుంచి ఆ ఒక్క ఫైలు మళ్లీ తీయించి సైజు పోల్చండి. పెన్‌డ్రైవ్‌లోది చిన్నగా ఉంటే కాపీ మధ్యలో తెగినట్టు.

టీచరమ్మ_కర్నూలు:

సైజు చూశాను, రెండూ ఒకటే. ఇప్పుడు లిబర్‌ఆఫీస్ దించుకుంటున్నాను, మా నెట్‌కు ఇంకా నలభై నిమిషాలట. అమ్మ పక్కనే కూర్చుంది.