ఇంట్లోకి తెచ్చిన అరెకా పామ్ ఎండుతోంది, ఏం చేయాలి?

ఆకుల పిచ్చి: 7 అడుగుల అరెకా తెచ్చి హాల్లో సోఫా పక్కన పెట్టాను. నెల తిరక్కుండానే కింది మట్టలు మూడు పసుపెక్కాయి, మిగతావాటి కొసలు మాడినట్టున్నాయి. ఎండుతోంది కదా అని రోజూ చెంబుడు నీళ్లు పోస్తున్నా. మట్టలు కోసేయనా?

మట్టి చేతులు: ముందు ఆ చెంబు పక్కన పెట్టండి. వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి దించి చూడండి, లోపల తడి తగిలితే నీళ్లు వద్దు. నా మొదటి అరెకా ఇలాగే పోయింది. పీకి చూస్తే మొక్క వేర్ల మీది తోలు చేతికి ఊడొచ్చి లోపల దారంలాంటి నరం మిగిలింది, మురుగు వాసన. వేర్లు కుళ్లినా పైకి మాత్రం నీళ్లు చాలక వాడినట్టే కనిపిస్తుంది, అందుకే ఇంకా పోస్తాం.

నీడపట్టు: మట్టలు పూర్తిగా ఎండేదాకా కోయకండి. పొటాష్ అనే పోషకం తగ్గినప్పుడు మొక్క పాత మట్టల్లోంచి లాగి కొత్త ఆకుకిస్తుంది. పసుపు బాగాలేదని కోస్తే ఆ పైమట్ట మీద పడుతుంది, అలా కోసుకుంటూ పోతే చివరికి చీపురు మిగులుతుంది. కొసలు మాడటం వేరే సంగతి, ఎక్కువగా ఉప్పు నీళ్లో, ఎరువు ఎక్కువవడమో, ఏసీ గాలో. సోఫా మూల కాకుండా కిటికీ దగ్గరికి జరపండి. వెలుగు అంతగా లేని ఇంటికైతే కెంటియా పామ్ నయం, కాకపోతే చాలా నెమ్మదిగా పెరుగుతుంది.

తోటలో పామ్‌లు: కోత అన్నారు కాబట్టి, కప్పుకి తగులుతోందని మాత్రం ఎప్పుడూ తల నరకకండి. పామ్ కాండానికి మొవ్వు (కొత్త ఆకులు పుట్టే చిగురు) ఒక్కటే, అది పోతే ఆ కాండం పోయినట్టే, పక్కనుంచి కొమ్మ రాదు. అరెకా గుబురు కాబట్టి మిగతా కాండాలు బతుకుతాయి, రాయల్ పామ్‌కి ఆ అవకాశం లేదు. నా తెలివి చెప్తా వినండి: మడగాస్కర్ నుంచి వచ్చిన వెండిరంగు బిస్మార్కియా పామ్‌ని గోడకి 4 అడుగుల్లో నాటా. ఇప్పుడు ఒక్కో ఆకు గొడుగంత, గోడ దాటి వీధిలోకి పోతోంది. తవ్వి మారుద్దామంటే దానికి వేర్లు కదిపితే అసలు పడదు, చాలావరకు చచ్చిపోతుంది. ఇక నేనే పక్కనుంచి ఒదిగి నడుస్తున్నా.

నీడపట్టు: 😄 ఆకు అడుగున సన్నటి బూజులాంటి గూడు, దుమ్ములా చుక్కలు ఉంటే నల్లి, అంటే ఆకు రసం పీల్చే సన్నటి పురుగు. తడిగుడ్డతో రెండువైపులా తుడవండి.

ఆకుల పిచ్చి: నల్లి లేదు. అందంగా ఉందని పింగాణీ కుండీలో పెట్టిన ప్లాస్టిక్ కుండీని ఇవాళ పైకెత్తి చూశా, అడుగున 4 వేళ్ల ఎత్తు నీళ్లు, పచ్చగా పాచి. పారబోసి కిటికీ పక్కకి మార్చా. మధ్య కాండంలో విచ్చుకోని ఆకు ఒకటి ఈటెలా నిలబడే ఉంది, లాగితే ఊడలేదు. బతుకుతుందంటారా?

మట్టి చేతులు: ఊడలేదంటే మొవ్వు గట్టిగా ఉన్నట్టే. ఇంకెప్పుడూ లాగి చూడకండి మరి.